ప్రార్థన – సహపంక్తి

మానవుడు దేవునితో మాటాడుటయే ప్రార్థన యని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే గాని, అది సగము నిజము మాత్రమే. దేవునితో మాటాడి లేచిన మానవుడు పక్కనున్న మనిషితో ఏమి మాటాడెను, ఎవరి సరసన కూర్చుండెను, ఎవరితో కలిసి భుజించెను అనునది తక్కిన సగము. ఈ రెండవ సగమును విడిచి మొదటి సగమును మాత్రమే పట్టుకొనుట మన కాలపు భక్తిలోని పెద్ద లోపమని మా అభిప్రాయము.

మేము ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచినది ఒక్కటే విషయము. యేసు నేర్పిన ప్రార్థన ఒంటరివాని ప్రార్థన కాదు. దానిని ఉచ్చరించినవాడు తోటివానితో ఒక పంక్తిలో కూర్చుండుటకు సంకోచించిన యెడల, ఆ ప్రార్థన ఇంకను పూర్తి కానట్లే యెంచవలెను. ఈ మాట అందరికంటె ముందుగా క్రైస్తవులమైన మాకే తగులును. ఉర్దూ శాఖ మిత్రులును, ఇతర మతముల సోదర సోదరీమణులును దీనిని చదివి, తమ యింటికి పనికివచ్చునది ఏమైనను ఉన్నచో తామే గ్రహింతురు.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయమున యేసు ప్రార్థనను గురించి బోధించెను. నలుగురు చూడవలెనని వీధి మూలలలో నిలిచి ప్రార్థించుట కూడదనెను. గదిలోనికి పోయి తలుపు వేసికొమ్మనెను. మాటలు పెంచినంత మాత్రమున దేవుడు ఆలకించునని భ్రమపడవద్దనెను. అటుపిమ్మట ఒక చిన్న ప్రార్థనను నేర్పెను. ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి గలదు. తలుపు వేసికొన్న గదిలో ఉన్నది ఒక్కడే. అయినను ఆ ప్రార్థనలో ‘నేను’, ‘నా’, ‘నాకు’ అను మాటలు ఒక్కసారియు రావు. తండ్రి యని పిలుచునపుడును, ఆనాటి అన్నము వేడుకొనునపుడును, తప్పులు మన్నింపుమని కోరునపుడును, కీడునుండి కాపాడుమని ప్రార్థించునపుడును వచ్చునది బహువచనమే. గది తలుపు మూసికొనవచ్చును గాని, ఆ గదిలోనికి తోటివారందరిని వెంట తీసికొనియే పోవలెనని దీని భావము.

ఈ విషయమున మన తెలుగు భాష మనకొక ఉపకారము చేసినది. ఉర్దూలో ‘హమ్’ అన్నను, ఇంగ్లీషులో ‘వుయ్’ అన్నను, వినువాడు ఆ గుంపులో చేరునో చేరడో ఆ మాటవలన తెలియదు. సువార్తలు వ్రాయబడిన గ్రీకు భాషయందును ఈ భేదము లేదు. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ‘మా ఊరు’ అన్నచో వినువాడు వెలుపలివాడు. ‘మన ఊరు’ అన్నచో అతడును లోపలివాడే. దేవునితో మాటాడునపుడు ‘మా తండ్రి’ అనుటయే సమంజసము. ఏలయన, వినుచున్నది ఆ తండ్రియే. మరియొక సొగసు కూడ ఉన్నది. తెలుగు బిడ్డ తల్లికి ఒక్కడే సంతానమైనను ‘నా అమ్మ’ అనడు, ‘మా అమ్మ’ అనును. తల్లియు తండ్రియు ఒక్కరి సొత్తు కారని మన జాతి నాలుకకు పుట్టుకతోనే తెలియును.

అయితే ప్రార్థన ముగిసి, కన్నులు తెరచి, పక్కవానిని చూచినపుడు ‘మా’ అను మాట ‘మన’గా మారవలెను. మనలో జరుగుచున్నది దీనికి విరుద్ధము. దేవుని యెదుట పలుకవలసిన ‘మా’ను మనుష్యుల మధ్యకు మోసికొని వచ్చితిమి. మా సంఘము, మా పేట, మా వారు, మా శ్మశానము అని గిరులు గీసికొంటిమి. ‘మా తండ్రి’ అని పిలిచిన నోటితోనే ‘మీరు వేరు’ అని పలుకుట ప్రార్థనను వెనుకకు త్రిప్పుట కాదా?

యేసు బోధయందు ఈ సంబంధము ఎంత గట్టిదో మూడు స్థలములు చూపును. బలిపీఠము వద్ద కానుక నర్పింపబోవు వేళ, తన సహోదరునికి తనపై ఏదేని విరోధము గలదని జ్ఞాపకము వచ్చినచో, ఆ కానుకను అచ్చటనే విడిచి మొదట పోయి సమాధానపడి, తరువాత వచ్చి అర్పింపవలెనని ఆయన బోధించెను. దేవుడు వేచియుండగలడు, నొచ్చిన సహోదరుని వేచియుండజేయరాదు. ఇది మొదటిది. ప్రార్థనను నేర్పిన వెంటనే అందలి విన్నపములలో ఒక్కదానికి మాత్రమే ఆయన వివరణ చెప్పెను. అది క్షమాపణను గూర్చినది. ఇతరులను క్షమింపనివానికి క్షమాపణ దొరకదని స్పష్టముగా హెచ్చరించెను. ఇది రెండవది. ఇద్దరు ముగ్గురు తన పేరిట కూడినచోట తానుందునను వాగ్దానమును మనము కూడికకు తక్కువమంది వచ్చినపుడు ఓదార్పుగా వాడుకొనుచున్నాము. ఆ మాట ఏ సందర్భమున వచ్చినదో చూడుడు. దానికి ముందున్నది తప్పు చేసిన సహోదరుని తిరిగి సంపాదించుకొను విధానము. దాని వెనుకనున్నది ఎన్నిమారులు క్షమింపవలెనని పేతురు అడిగిన ప్రశ్న. ఇది మూడవది.

యేసును వెంబడించుటకూడ ఏకాంత యాత్ర కాదు. ఆయన పండ్రెండుమందిని పిలిచెను. వారిలో మత్తయి పన్నులు వసూలుచేసినవాడు. సీమోను అను మరియొకనికి జెలోతే అను పేరు గలదు. పరప్రభుత్వమును సహింపని ఉద్వేగమును సూచించు పేరది. ఈ ఇరువురును తమంతట తాము ఒకరినొకరు మిత్రులుగా ఎన్నుకొనియుండెడివారు కారు. గురువు ఇద్దరిని పిలిచినందున ఇద్దరును ఒక దారిన నడువవలసివచ్చెను, ఒక రొట్టెను పంచుకొనవలసివచ్చెను. వెంబడించుట యనగా గురువు వెనుక నడచుటయే కాదు. గురువు పిలిచిన మరియొకని ప్రక్కన నడచుట కూడ. ఆ ప్రక్కవానిని ఎన్నుకొను అధికారము మనది కాదు.

ఆది సంఘపు చరిత్రను పరిశీలించినచో, దాని మొదటి పరీక్షలన్నియు భోజనము దగ్గరనే వచ్చినవి. అపొస్తలుల కార్యముల గ్రంథము ఆరవ అధ్యాయమున ఒక ఫిర్యాదు కలదు. యెరూషలేములో సంఘము పెరిగినది. దిక్కులేని విధవరాండ్రకు ప్రతిదినము ఆహారము పంచుట జరుగుచుండెను. గ్రీకు భాష మాటాడు విధవరాండ్రు ఆ పంపిణీలో ఉపేక్షింపబడుచున్నారని ఆ భాషవారు సణిగిరి. అనగా సంఘపు మొదటి అంతఃకలహము సిద్ధాంతమును గూర్చినది కాదు. భాషను, అన్నమును గూర్చినది. పెద్దలు ‘మీరు మరికొంత ప్రార్థన చేయుడు’ అని వారిని పంపివేయలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మనిరి. ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. అన్యాయము జరిగినదని చెప్పినవారి భాషకు సంబంధించిన పేర్లు గలవారి చేతికే పంపిణీని అప్పగించిరన్నమాట. రెండు భాషలు పక్కపక్కన నివసించు మన కళాశాలకు ఈ కథ పరాయిది కాదు. అధిక సంఖ్యాకులు అల్పసంఖ్యాకులతో ఎట్లు మెలగవలెనో దీనికన్న చక్కగా చెప్పిన పాఠము అరుదు.

కొరింథు పట్టణమున ప్రభువు భోజనమునకు కూడినపుడు కలిగినవారు ముందుగా తిని త్రాగి మత్తిల్లుచుండగా, లేనివారు ఆకలితో నిలిచియుండిరి. అట్టిది ప్రభువు భోజనమే కాదని పౌలు వ్రాసెను. అంతియొకయలో పేతురు అన్యజనులతో భుజించుచుండి, తనవారు కొందరు వచ్చినంతనే పంక్తినుండి లేచి వెనుదీసెను. పౌలు అతనిని ముఖాముఖిగా నిలదీసెను. అపొస్తలులలో అగ్రగణ్యుని సైతము ఒక పంక్తినుండి లేచినందుకు ప్రశ్నించిన సంప్రదాయము ఇది. సహపంక్తి చిన్న విషయమని ఎవ్వరనగలరు?

ఇక మన తెలుగు నేలకు వత్తము. 1866లో ఒంగోలు చేరిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ గారి యొద్దకు ఆదినుండి విస్తారముగా వచ్చినవారు మాదిగలు. వారిని చేర్చుకొనకున్నచో తాము వత్తుమను సూచన పై కులములవారినుండి వచ్చినది. లోకజ్ఞానము గలవాడు దానిని లాభసాటి బేరమే అనుకొనును. క్లఫ్ గారు దానికి లోబడలేదు. 1876–78 నాటి ఘోర క్షామమున ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. కూటికొరకు మతము మారిరను మాట రాకుండ, ఆ సహాయము నడచుచున్నంతకాలము బాప్తిస్మములు ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనవారు గర్వముగా చెప్పుకొందురు. దానికి ముందు జరిగిన రెండు నిరాకరణములను, అనగా పై కులముల షరతును నిరాకరించుటను, ఆకలిని ఆసరాగా తీసికొనుటను నిరాకరించుటను, అంత గర్వముగా చెప్పుకొనరు. మా దృష్టిలో ఘనత ఆ నిరాకరణములదే.

మనకు మరింత సమీపమున డోర్నకల్ ఉన్నది. నేటి మహబూబాబాదు జిల్లాలో, నాటి నిజాము రాజ్యములో, రైలు జంక్షనుగా ప్రసిద్ధమైన ఊరు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునల్వేలి సీమలో ఒక గ్రామ పాదిరికి కుమారుడుగా జన్మించిరి. మాతృభాష తమిళము. భారతీయుల ధనముతో, భారతీయుల చేతులతో సేవ జరుగవలెనని 1903లో తిరునల్వేలిలో ఒక మిషనరీ సంఘమును స్థాపించుటకు కారకులైరి. తరువాత ఇతరులను పంపుటతో తృప్తిచెందక, 1909లో తామే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చి తెలుగువారిలో ఒకరైరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే.

దానికి రెండేండ్లు ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. దొరలు నిండిన ఆ సభలో అజరయ్య గారు నిలిచి ఒక చేదు నిజమును చెప్పిరి. మిషనరీల త్యాగమును, దానములను భారత సంఘము తరతరములు కృతజ్ఞతతో స్మరించును గాని, తమకు కావలసినది అంతకంటె మరియొకటి గలదు, అది స్నేహము అని విన్నవించిరి. ఆ మాటకు సభలో కలకలము రేగినది. ఏల రేగదు? దానము చేయుట సులభము. ఇచ్చువాని చేయి పైననే ఉండును. స్నేహములో రెండు చేతులును సమానముగా ఉండవలెను. ఒక సంఘము మరియొక సంఘమునకు, ఒక కులము మరియొక కులమునకు, ఒక శాఖ విద్యార్థులు మరియొక శాఖవారికి చేయుచున్నది దానమా, స్నేహమా అని పరీక్షించుకొనుటకు ఆ ప్రసంగము నేటికిని గీటురాయి.

డోర్నకల్ అధ్యక్ష మండలమున చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఆ రెండు పేటల మధ్య అంతరము తరతరములది. నీళ్ళు వేరు, పొత్తు వేరు. అట్టివారు ఒకే మందిరమున ఒకే పాత్రనుండి ద్రాక్షారసము పుచ్చుకొనవలసివచ్చెను. దీని బరువు నేటి పట్టణపు విద్యార్థికి సులువుగా తెలియదు. పెదవికి పెదవి అంటిన పాత్ర నది. నోటితో సమానత్వమును ఉపన్యసించుట వేరు. అదే నోటిని ఆ పాత్రకు ఆనించుట వేరు. అంతరము అంతటితో మాసిపోయినదని మేము చెప్పుట లేదు. వారమునకొకమారు దానికి గండి పడుచుండెనని మాత్రమే చెప్పుచున్నాము.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. దాని గుమ్మటములును, మినారులవంటి బురుజులును దక్కను ముసల్మానుల కట్టడములను తలపించును. లోపలి రాతి స్తంభములు దేవాలయ మండపమును జ్ఞప్తికి తెచ్చును. యేసును వెంబడించుటకు పరదేశి వేషము ధరింపనక్కరలేదనియు, పొరుగువాని కళను గౌరవించినంత మాత్రమున తన విశ్వాసము కరిగిపోదనియు ఆ కట్టడము చెప్పుచున్నది. ఉర్దూ, తెలుగు చదువులు రెండును నడచు మన విద్యాలయపు విద్యార్థులు ఒక్కమారైనను చూడదగిన స్థలము అది.

సంఘముల ఐక్యతకై 1919లో తరంగంబాడిలో ఆరంభమైన ప్రయత్నమున అజరయ్య గారు ముఖ్యులు. ఆయన 1945 జనవరి 1న కాలధర్మము చెందిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో అవతరించినది. నాటినవాడు ఫలము చూడలేదు. దీర్ఘకాలము ప్రార్థించుట యనగా ఇదియే కాబోలు.

పెద్దల చరిత్రలు చెప్పునపుడు పేర్లు లేనివారిని మరువరాదు. తెలుగు సంఘములలో ‘పిడికెడు బియ్యము’ అను ఆచారము గలదు. పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యము కొలుచుకొను వేళ ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయును. ఆదివారమునాడు అది మందిరమునకు చేరును. కూలికి పోయి తెచ్చిన శేరు బియ్యములో పిడికెడు తక్కువైనచో ఆ పూట ఎవరో ఒకరి విస్తరిలో అన్నము తగ్గును. సాధారణముగా అది ఆ ఇల్లాలి విస్తరియే. అనుదినాహారమును వేడుకొను ప్రార్థనలోని ‘మాకు’ అను మాటకు ఇంతకంటె గొప్ప వ్యాఖ్యానము మేమెరుగము. అందులో వేదపండితుని పనిలేదు. వంటగదియే ప్రార్థనా మందిరమైనది.

మరి నేటి స్థితి ఏమి? వివాహ ప్రకటనలు చూడుడు. క్రైస్తవ వధువు కావలెనని వ్రాసి, ఆ ప్రక్కనే కులమును పేర్కొనుట మానలేదు. కొన్ని ఊళ్ళలో మందిరములు కులమునుబట్టి వేరైనవి. చనిపోయినవారికి సైతము హద్దులు ఉన్నవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును మొదట హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరింపబడినది. క్రైస్తవులకు, ముసల్మానులకు కాలేదు. మతము మారినను కులబాధ పోలేదు గనుక ఆ గుర్తింపు తమకును కావలెనని దళిత క్రైస్తవులు కోరుట న్యాయమని మేము నమ్ముచున్నాము. కాని ప్రభుత్వము ఎదుట ‘మాలో కులబాధ ఉన్నది’ అని వాదించు సంఘపు పెద్దలు, ఆదివారమునాడు వేదికపై ‘మనలో కులము లేదు’ అని ప్రకటించుట ఎట్లు పొసగును? మొదటి మాట నిజమైనచో రెండవ మాట పశ్చాత్తాపముగా మారవలెను.

మరియొక మార్పును గూడ గమనింపవలెను. 2020లో కరోనా కారణముగా ప్రార్థనా మందిరములు మూతపడినపుడు ఆరాధన ఫోను తెరమీదికి వచ్చినది. ఆ గడ్డురోజులలో అది మేలే చేసినది. మంచమున పడిన వృద్ధులకు ఇప్పటికిని మేలే. అయితే తెరముందు కూర్చున్నవానికి పక్కవాడు ఉండడు. నచ్చని మనిషి వచ్చి సరసన కూర్చుండడు. పాత్ర చేతులు మారదు. ప్రార్థన విన్నపములుకూడ పరీక్ష, ఉద్యోగము, వీసా, స్థలము అని సొంత జాబితాగా కుదించుకొనిపోవుచున్నవి. అవి అడుగరాదని మేమనము. బిడ్డ తండ్రిని అడుగక మరెవరిని అడుగును? నా పరీక్షతోపాటు ఫీజు కట్టలేక పరీక్షకే కూర్చుండలేని నా తరగతివాడు ఆ ప్రార్థనలో ఉన్నాడా అనునదే మా ప్రశ్న.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. ‘విశ్వాసము అంతరంగమునకు సంబంధించినది. దానిని పంక్తి భోజనములకును, సంఘసేవకును దింపుట ప్రార్థనను తక్కువ చేయుట కాదా?’ అని. దీనికి మా సమాధానము ఇది. తలుపు వేసికొన్న గదిని మేము తీసివేయుట లేదు. యేసు పెందలకడ లేచి అరణ్య ప్రదేశమునకు పోయి ఒంటరిగా ప్రార్థించెనని మార్కు వ్రాసెను. కాని జనులు వెదకుచున్నారని శిష్యులు వచ్చి చెప్పగా, ఆయన అచ్చటనే ఉండిపోలేదు; ఊళ్ళకు పోదమని లేచెను. జర్మనీలో హిట్లరు పాలనను ప్రతిఘటించిన డీట్రిచ్ బోన్‌హోఫర్ 1935 నుండి ఫింకెన్‌వాల్డెలో పాదిరి విద్యార్థులతో కలిసి నివసించి, కలిసి ప్రార్థించి, కలిసి భుజించు జీవితమును నడపెను. 1937లో గెస్టపో ఆ విద్యాలయమును మూసివేసినది. ఆ అనుభవముమీద అతడు వ్రాసిన చిన్న గ్రంథములో ఏకాంతమును, సహవాసమును ఒకదానికొకటి కాపలాగా నిలిపెను. ఏకాంతము లేని సహవాసము సంత యగును. సహవాసము లేని ఏకాంతము అహంకార మగును. అతడు 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడెను. అట్టివాని జీవితమును చూచి, కలిసి జీవించుట ప్రార్థనకు తక్కువ మెట్టు అని ఎవరును అనలేరు.

ఈ సత్యము క్రైస్తవుల గుత్తసొత్తు కాదు. నమాజునకు నిలిచిన వరుసలో భుజము భుజమునకు ఆనించి నిలుచు మిత్రులకును, ఇఫ్తారు వేళ ఒక దస్తర్‌ఖాను చుట్టు కూర్చుండు వారికిని మేము కొత్తగా చెప్పవలసినది లేదు. వారినుండి నేర్చుకొనవలసినదే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! మీలో ప్రార్థనా కూటములు నడుపువారికి మా విన్నపములు రెండు. కూటమునకు ముందు, మాటలు లేక ముఖము త్రిప్పుకొనుచున్న సహాధ్యాయి ఎవరైన ఉన్నచో మొదట అతని యొద్దకు పోవుడు. పాట ఆలస్యమైనను ఫరవాలేదు. భోజన విరామమున ప్రతిదినము అదే నలుగురితో కాక, వారమునకొక దినమైనను వేరు భాషవానితో, వేరు పేటవానితో మీ డబ్బా విప్పుడు. ఇవి చిన్న పనులు. చిన్నవి గనుకనే తప్పించుకొనుటకు సాకు దొరకదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటి. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థకు రాజ్యాంగము ముప్పదవ అధికరణమున హక్కు నిచ్చినది. ఆ హక్కు ‘మా’ అను గోడ కట్టుకొనుటకు కాదు, ‘మన’ అను వాకిలి తెరచుటకు అని మేము భావించుచున్నాము. యెరూషలేము పెద్దలు చేసినట్లు, ఫిర్యాదు ఎవరినుండి వచ్చునో వారి చేతికే కొంత బాధ్యత నీయుడు. ఫీజు రాయితీలు, పుస్తకముల పంపిణీ వంటి విషయములను చూచు ఉపసంఘములలో రెండు భాషల విద్యార్థులకును, మొదటి తరము చదువుకొను పేద విద్యార్థులకును చోటు కల్పించుడు. పిడికెడు బియ్యపు పద్ధతిన ప్రతి విద్యార్థియు నెలకు కొద్దిపాటి పైకము వేయు పేద విద్యార్థుల నిధి నొకదానిని నెలకొల్పుడు. ధనవంతుని చందాకంటె పేదవాని పిడికెడే ఆ నిధికి గౌరవము తెచ్చును.

ప్రార్థన నాలుకతో ఆరంభమగును, నిజమే. విస్తరి దగ్గర అది పరీక్షకు నిలుచును. ఆ పరీక్షలో తప్పినవాడు ఎన్ని గంటలు మోకరించినను మరల మొదటి పాఠమునకే రావలెను. మన కళాశాలలో ప్రార్థించువారు ఏ మతమువారైనను ఆ పాఠమును కలిసి చదువుదురు గాక యని మా ఆకాంక్ష.